ఆదివారం జలపాతం

నీళ్లు నడిచి రావడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఒక చలికాలం చివర నుంచి మోదుగులు పూసేదాకా, తొమ్మిది ఆదివారాలు, ఎండిన వాగులో ఒక బండ మీద కూర్చుని చూశాను. ముందు చప్పుడేమీ ఉండదు. ఎండుటాకులు కదులుతాయి. కనపడని మనిషెవరో వాటిని కాలితో నెట్టుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. ఆకుల వెనక నురగ, నురగ వెనక మట్టిరంగు నీళ్లు. దారిలో గుంట కనబడితే అక్కడ ఆగి, అది నిండేదాకా ఉండి, మళ్లీ బయలుదేరతాయి. నా పక్క నుంచి, నా చెప్పులు తడిపి, కొండ అంచు దాకా పోయి దూకుతాయి. కింద నిలబడ్డ జనం ఒక్కసారి హో అని అరుస్తారు. ఆ అరుపు విన్నాక నేను లేచి టిఫిన్ల సంగతి చూసేవాణ్ణి.

మొన్నీమధ్య హోటల్ పని నేర్చుకునే పిల్లలు నన్ను పిలిచి, మీ ఉద్యోగంలో మరచిపోలేని రోజు గురించి చెప్పండి సార్ అన్నారు. పెద్ద పెద్దవాళ్లకు గదులు ఇచ్చిన రోజులున్నాయి. చెప్పాపెట్టకుండా దిగిన పెళ్లి బృందానికి అరగంటలో ఉప్మా పెట్టిన రోజుంది. అవేవీ నోటికి రాలేదు, ఈ నీళ్ల సంగతే వచ్చింది. చెప్పాను గాని సగం దగ్గర ఆపేశాను. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టి, శాలువా కప్పి, ఆటో ఎక్కించారు. ఆ మిగతా సగం కూడా రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. కొందరు పోయారు, ఉన్నవాళ్లు నన్ను ఇంకా పలకరిస్తున్నారు. ఆ పలకరింపు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

మాది లింగాల ఘనపూర్ పక్కన ఒక పల్లె. జనగామ దిక్కు వాళ్లకు నీళ్ల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. నా చిన్నప్పుడు మా బావి తాడు ఏటేటా పొడుగయ్యేది. ఎండాకాలం మా అమ్మ తాడుకు ఇంకో తాడు ముడివేసి బొక్కెన దింపేది. అది నీళ్లను తాకిన చప్పుడు వినడానికి మేమందరం గిలక దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. నాకు తెలిసిన నీళ్లన్నీ లోతున ఉండేవి. నీళ్లు పైనుంచి కూడా పడతాయని, పడుతూ తమలో తామే ఏదో మాట్లాడుకుంటాయని, గూడూరు దిక్కు బదిలీ అయ్యాకే తెలిసింది.

అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. గూడూరు దాటి అడవి అంచుకు పోతే ఒక కొండ, దాని మీంచి పడే చిన్న జలపాతం, దానికి నడక దూరంలో ఎనిమిది గదుల అతిథి గృహం ఉండేవి. నేను దానికి మేనేజరుని. మేనేజరు అన్నది పెద్ద మాట. గదుల తాళాలు, దుప్పట్లు, నీళ్ల మోటారు, బాత్రూముల్లో తేళ్లు, అన్నీ నావే. చేరిన రోజు పెట్టె కూడా విప్పకుండా జలపాతం దగ్గరికి పోయి కూర్చున్నాను. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మనిషిని, అక్కడ కూర్చుని ఏడ్చాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరిగా చెప్పలేను.

మా వంట మనిషి పక్క ఊరామె. వయసులో నాకంటే చిన్నదే అయినా అందరిలాగే నేనూ వంటక్క అనేవాణ్ణి. ఆమె పప్పుచారు కోసం హైదరాబాదు నుంచి రెండోసారి వచ్చినవాళ్లున్నారు. కోస్తా నుంచి వచ్చిన అతిథుల్లో కొందరు ఆమె చేత పనిగట్టుకుని మాట్లాడించి, 'ఏంది', 'గట్లనే' అని ఆమె అంటుంటే నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వుతూనే వడ్డించేది. మరునాటి చట్నీకి మాత్రం వాళ్లకు కళ్లనీళ్లు తిరిగేవి. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

ఆమె తండ్రి నీరటి. చెరువు తూము తీసి పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు పంచే మనిషిని నీరటి అంటారు. కొండపైన, జలపాతానికి ఎగువన, ఒక కుంట ఉంది. దాని కింద ఊరి పొలాలు కొన్ని, లంబాడి తండా పొలాలు కొన్ని. కుంట కట్టకు లోపలివైపు రాతి మెట్లు. యాసంగి నాట్లకు ముందు ముసలాయన కట్ట మీద నిలబడి ఎన్ని మెట్లు మునిగి ఉన్నాయో చూసేవాడు. తర్వాత కాలువ వెంట నడుచుకుంటూ పోయి ఒకచోట తన చేతికర్ర పాతేవాడు. రైతులందరూ వెనకే నడిచేవాళ్లు. కర్ర దాకా నాటుకోవచ్చు, కోతదాకా ఆ మళ్లకు నీళ్లు ఆయన పూచీ. కర్ర అవతల నాటుకుంటే అది వాళ్ల ఇష్టం, వాళ్ల కష్టం. కాగితం లేదు, సంతకం లేదు. వాళ్ల తాత నాటి నుంచీ ఆ ఇంట్లో కర్ర పాతి మాట తప్పిన మనిషి లేడని వంటక్క చెప్పేది.

ఇంకో మనిషి తండాలోని విస్తర్ల అవ్వ. కొడుకులిద్దరూ పనులకు వలసపోయారు. ఆమె మోదుగు ఆకులు ఏరి, ఈనెపుల్లలతో విస్తర్లు కుట్టి, ప్రతి శనివారం నెత్తిమీద కట్ట పెట్టుకుని మా దగ్గరికి తెచ్చేది. అతిథులకు ప్లాస్టిక్ పళ్లాలు వద్దు, ఈ ఆకులే వాడదామని మొదలుపెట్టింది నేనే. దానికి పై ఆఫీసు నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది. ప్రకృతి మీద ప్రేమ గల ఉద్యోగి అని అందులో రాశారు. ఆ కాగితం తర్వాత ఎక్కడ పెట్టానో వెతకలేదు.

అవ్వకున్న ఒక్క మడి కాలువకు చిట్టచివర. నీరటి కర్ర ఎన్నడూ అంతదూరం వచ్చేది కాదు. వానకాలం ఏవో నాలుగు గింజలు, యాసంగిలో బీడు. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ముసలాయన నడిచీ నడిచీ ఆమె మడి దాటి అవతలి గట్టు మీద కర్ర పాతాడు. ఆ శనివారం అవ్వ విస్తర్ల కట్ట దించి, చెంగుతో ముఖం తుడుచుకుని, ముందు ఆ సంగతే చెప్పింది.

"సారూ, గీసారి నా మడి కర్ర లోపల్నే ఉన్నది. కోతలైనంక కొత్తబియ్యం వండి నీకు బువ్వ పెడ్త. ఎన్నేండ్లసంది నా విస్తర్లల్ల ఊరోళ్లందరికి పెడ్తున్నవ్. నా విస్తర్ల నేను నీకు పెడ్త."

"నిండ పెట్టాలె మరి," అన్నాను నేను.

"నిండ పెడ్త," అంది.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊరూరా రగులుతున్న రోజులు. వారంలో రెండు రోజులు బంద్, ఒక రోజు రాస్తారోకో. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. మా ఉద్యోగులం కూడా ఆఫీసుల నుంచి లేచి రోడ్ల మీద కూర్చునేవాళ్లం. అదంతా మా మనసుకు నచ్చిన పనే, కానీ గదులు మాత్రం ఖాళీ. పుష్యమాసం దాటేసరికి జలపాతం కూడా సన్నబడి, చివరికి బండ మీద తడి మరక మిగిలింది. చూడ్డానికి నీళ్లు లేకపోతే ఆ అడవికి ఎవరొస్తారు? పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎండాకాలం లోపల అతిథులు పెరగకపోతే అతిథి గృహం మూసేస్తామన్నారు. మూస్తే నాకు బదిలీ, అంతే. వంటక్కకూ, గదులు ఊడ్చే ఇద్దరికీ, తోట మనిషికీ ఇంటికి పోవడమే.

ఆ పరేషాన్‌లో ఒకరోజు కుంట కట్ట మీద నీరటితో కలిసి నడుస్తున్నాను. వంటక్కలాగే నేనూ ఆయన్ని బాపూ అనేవాణ్ణి. కట్టకు రెండో కొసన పొదల్లో ఒక రాతి తూము కనబడింది.

"గిదేంది బాపూ?"

"పాత తూము సారూ. పూడిక తీసెటప్పుడు కుంట ఖాళీ చేస్తందుకు పెట్టిండ్రు. నాకు తెలిసి రెండుసార్లో మూడుసార్లో తీసిండ్రు. దీని నీళ్లు పొలాలకు పోవు, వాగులకు పోతయ్."

"వాగులకు పోతే జలపాతంల పడ్తయా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఇంకేడికి పోతయ్?"

"ఆదివారం పొద్దుగాల జరంత సేపు తీస్తే ఏమైతది?"

"నీళ్లు తగ్గుతయ్."

"ఇన్ని నీళ్లున్నయ్ గదా బాపూ. ఎంత తగ్గుతయ్?"

ఆయన నీళ్లలో మునిగి ఉన్న మెట్లు లెక్కపెట్టాడు. తర్వాత, "మీ బంగ్లా మూసేస్తరంట గదా, బిడ్డ చెప్పింది," అన్నాడు. అవునన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నేను ఆయన్ని బలవంతపెట్టలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కూతురి ఉద్యోగం నా చేతిలో ఉన్న మనిషిని బలవంతపెట్టాల్సిన పనేముంది?

అట్లా మొదలైంది. ఆదివారం కోడి కూసే వేళకు బాపు పాత తూముకున్న కట్టె బిరడా లాగేవాడు. ఎండిన వాగులో గుంటలు నింపుకుంటూ నీళ్లు కొండ అంచుకు చేరేసరికి తొమ్మిదిన్నర అయ్యేది. వరండాలో ఒక నల్లబోర్డు పెట్టి, దాని మీద సుద్దతో 'జలపాతం: ఉదయం తొమ్మిదిన్నరకు' అని రాశాను. రైలు రాకపోకల్లాగా రాసిన ఆ బోర్డును చూసి ఒక్క అతిథికి కూడా అనుమానం రాలేదు. ఎప్పుడూ ఇట్లాగే పడుతుందా అండీ అని ఒకాయన అడిగాడు. ఆదివారాలు బాగుంటుందండీ అన్నాను. అది అబద్ధం కాదు కదా.

బంద్ లేని ఆదివారాల్లో కార్లు, జీపులు వచ్చేవి. గదులు నిండాయి. పై ఆఫీసు నుంచి ఈసారి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చింది. నేనేమో పొద్దున్నే కొండెక్కి ఆ బండ మీద కూర్చునేవాణ్ణి. చుట్టూ పొగమంచు. పిట్టలు కూడా సగం నిద్రలో అరిచేవి. దూరంగా ఆకులు కదిలేవి. నా గుండె కొట్టుకునేది, చిన్నప్పుడు గిలక దగ్గర కొట్టుకున్నట్టే. అతిథుల కోసం చేస్తున్నానని, నలుగురి ఉద్యోగాల కోసం చేస్తున్నానని అనుకునేవాణ్ణి. అది నిజమే. ఆ బండ మీద కూర్చోవడం కోసం కూడా చేశాను. మా అమ్మ తాడు దించిన బావిలోకి ఆ నీళ్లన్నీ పడుతున్నట్టు కళ్లు మూసుకుని ఊహించుకునేవాణ్ణి. తొమ్మిది ఆదివారాలు నేను ఆ కలలోనే ఉన్నాను. కలకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టించుకోలేదు.

శనివారాలు బాపు వచ్చి వరండా మెట్టు మీద కూర్చునేవాడు. "ఒక మెట్టు తేలింది సారూ," అనేవాడు. ఇంకా ఉన్నయ్ గదా అనేవాణ్ణి. కొన్నాళ్లకు, "రెండో మెట్టు సుత తేలింది," అన్నాడు. వచ్చేవారం తక్కువసేపు తీద్దామన్నాను. వచ్చేవారం పెద్దాఫీసరు కుటుంబంతో వచ్చారు, తూము ఎప్పటికంటే ఎక్కువసేపు తీసి ఉంచాం. వంటక్క ఆదివారాలు నాతో ముక్తసరిగా మాట్లాడేది. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగేది కాదు.

తొమ్మిదో ఆదివారం గూడూరు చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంట్‌లో కూర్చోవడం మా ఉద్యోగుల వంతు. పొద్దున నీళ్లు పడ్డాయి, అతిథులు ఫొటోలు దిగారు, నేను స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని టెంట్‌కు పోయాను. మెడలో బంతిపూల దండ వేశారు. ఎదురుగా డప్పులు, పాటలు, ఎండలో నిలబడ్డ జనం. నన్ను మాట్లాడమన్నారు. నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు, కానీ నీళ్ల మీద మాట్లాడమంటే జనగామ వాడికి మాటలు కరువా?

"ఎగువనున్నోడు తూము తన చేతుల వెట్టుకుంటే దిగువనున్న పొలం ఏం గావాలె?" అన్నాను మైకులో. "మన కండ్ల ముందలికెల్లి నీళ్లు పోతుంటే మన మళ్లు నెర్రెలిస్తున్నయ్. మనం అడిగేది బిచ్చం కాదు, మన వంతు!"

ఈలలు, చప్పట్లు. గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాను. ప్రతి మాటా నిజంగా నమ్మే మాట్లాడాను, అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. పొద్దున్నే తూము తీయించి వచ్చిన మనిషికీ, మైకు పట్టుకున్న మనిషికీ నాలో పరిచయమే లేదు.

ఆరోజు తండావాళ్లు కూడా దీక్షకు మద్దతుగా వచ్చారు. వాళ్లలో విస్తర్ల అవ్వ ఉంది. అందరితో పాటు చప్పట్లు కొట్టింది. నేను దిగి వచ్చి కూర్చున్నాక మెల్లగా టెంట్ పక్క నుంచి వచ్చి నా దగ్గర గొంతుకూర్చుంది.

"మస్తు చెప్పినవ్ సారూ. నా కడుపుల మాట చెప్పినవ్."

నేను నవ్వాను.

"గదే ముచ్చట జర మా నీరటికి సుత చెప్పు. నా మడికి నీళ్లు రాక పదొద్దులాయె. వరి పొట్ట మీదున్నది సారూ, గిప్పుడు నీళ్లు లేకుంటే తాలే గని గింజ రాదు. పైనోళ్లకు నీళ్లు అమ్ముకున్నడని అంటున్నరు. ఇయ్యాల పొద్దుమీకి అందరు కట్టమీద కూసుంటున్నరు. కర్ర గుంజుకుంటరట. నువ్వు చెప్తే ఇంటడు, జర చెప్పు."

ఆమెకు తెలియదు. పొలాలు ఒకవైపు, అడవి వాగు ఇంకోవైపు. ఊరివాళ్లెవరూ ఆదివారం పొద్దున జలపాతం చూడ్డానికి రారు. నేను ఆమె ముఖంలోకి చూడలేక దండలోని పూలు తుంచుతూ కూర్చున్నాను. "చెప్త అవ్వా," అన్నాను. ఉద్యోగ జీవితంలో నేను అన్న మాటలన్నిటిలో నన్ను ఇప్పటికీ సిగ్గుపడేట్టు చేసే మాట అదే.

సాయంత్రం స్కూటర్ హ్యాండిల్‌కు దండ తగిలించుకుని వచ్చాను. వంటింట్లో వంటక్క గిన్నెలు తోముతోంది. తల ఎత్తలేదు.

"కట్టమీదికి పోతున్నవా?" అన్నాను.

"పోతున్న. మా బాపు ఏం చెప్తడో నాకు ఎరుకే. తప్పు నాదే అంటడు. నీ పేరు తియ్యడు." గిన్నె బోర్లించింది. "సారూ, నీ మొకం జూసి ఇన్నొద్దులు ఊకున్న. నా నౌకరి కోసమని బాపు ఊకున్నడు. నౌకరి పోతే ఇంకోటి దొర్కుతది. కర్ర పోతే మా ఇంటికి మల్ల రాదు."

చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. నేను వంటింటి గడప మీద కాసేపు కూర్చున్నాను. పారిపోవడానికి చాలా దారులు కనబడ్డాయి. తలనొప్పి అనవచ్చు, అతిథులున్నారనవచ్చు. పెద్దాఫీసరుకు ఫోన్ చేసి బదిలీ అడగవచ్చు. అవన్నీ ఒక్కొక్కటే ఆలోచించాను, దాచుకోవడం ఎందుకు. చివరికి లేచి కొండెక్కాను. తెల్లచొక్కా కూడా మార్చుకోలేదు.

కట్టమీద పాతికమంది దాకా ఉన్నారు. పొద్దు గుట్ట వెనక దిగుతోంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, చాలా కిందికి ఉన్నాయి. తేలిన మెట్లు తెల్లగా బయటపడి ఉన్నాయి. నేను ఎక్కేసరికి ఒక పెద్దమనిషి బాపును అడుగుతున్నాడు.

"ఎవలికి ఇడిసినవ్? నిజం చెప్పు."

"ఎవలికి ఇడువలె. పాత తూము బిరడా వదులైంది, నేను జూసుకోలె. తప్పు నాదే," అన్నాడు బాపు. తల దించుకుని, కర్రను రెండు చేతులతో ముందుకు చాపాడు. తీసుకోండి అన్నట్టు.

అవతలి కొసన వంటక్క నిలబడి ఉంది. నన్ను చూసింది గాని ఏ సైగా చేయలేదు.

"బిరడా వదులు కాలె," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మధ్యాహ్నం మైకులో అరిచిన గొంతు, ఇప్పుడు పక్క మనిషికి వినపడేంత కూడా లేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "నేను తీయించిన. జలపాతం కోసం. తొమ్మిది ఆదివారాలు. బాపు వద్దనే అన్నడు."

అందరికంటే ముందు అవ్వ లేచింది.

"పగటిపూట మైకుల మాట్లాడింది నువ్వేనా సారూ, ఇంకెవలన్ననా?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేనే అవ్వా అన్నాను. ఆమె కూర్చుంది.

తర్వాత మాటలు పెరిగాయి. బంగ్లాకు తాళమెయ్యాలని ఒకరు, నా మీద కాగితం రాయాలని ఒకరు. బాపు చేయెత్తి అందర్నీ ఆపాడు. "సారు తియ్యమన్నడు, నిజమే. తీసిన చెయ్యి నాది. నాకు నోరున్నది, వద్దనలె. ఒక్కసారి నసిగిన, అంతే." ఆయన నా తప్పులోంచి తన వంతు తీసుకుపోయాడు. కర్ర ఆయన దగ్గరే ఉంచడానికి చివరికి అందరూ ఒప్పుకున్నారు. కానీ పొద్దున్నే మళ్లీ మెట్లు చూసి, మళ్లీ నడిచి, కర్ర మళ్లీ పాతాలి. ఉన్న నీళ్లు ఎందాకో అందాకే.

మరునాడు పొద్దున ముందు పాత తూమును రాళ్లతో, మట్టితో పూడ్చాం. నేనూ తట్ట మోశాను. ఎవరూ వద్దనలేదు, శభాష్ అని కూడా అనలేదు. తర్వాత బాపు మెట్లు చూసి కాలువ వెంట నడిచాడు. అందరం వెనక నడిచాం. ఒక మడి దాటాం, ఇంకో మడి దాటాం. ఆయన అడుగులు చిన్నవయ్యాయి. చివరి మడి గట్టు దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, మళ్లీ నడిచి, అవ్వ మడిలోకే దిగాడు. పచ్చని పైరు మధ్యలో, నెర్రెలిచ్చిన నేలలో కర్ర దిగలేదు. రెండు చేతులతో గట్టిగా నొక్కి పాతాడు. సరిగ్గా మడి నడుమ. ఆ తర్వాత ఆయన ఎవరి ముఖమూ చూడకుండా కట్టవైపు వెళ్లిపోయాడు.

అవ్వ పార తెచ్చుకుంది. కర్ర దగ్గర నుంచి ఈ చివరికీ ఆ చివరికీ, తన పైరును తానే తొక్కుకుంటూ, నడుమ ఒక కొత్త గట్టు వేయడం మొదలుపెట్టింది. దక్కే సగానికి వచ్చే నీళ్లు, దక్కని సగంలోకి పోయి వృథా కాకూడదు. నేను పార కోసం చేయి చాపాను.

"నువ్వొద్దు సారూ," అంది. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఆ పని మధ్యాహ్నం దాకా పట్టింది.

అతిథి గృహానికి వచ్చి నల్లబోర్డు తుడిచి, 'జలపాతం ఎండింది. వానలు పడ్డాక రండి' అని రాశాను. రెండో రోజే పై ఆఫీసు నుంచి ఫోన్. మీరు మేనేజరా, వానలు ఎప్పుడొస్తాయో చెప్పే జ్యోతిష్కుడా అని అడిగారు. జరిగిందంతా చెప్పాను. అతిథి గృహాన్ని వానలదాకా ఆపేశారు. నన్ను భూపాలపల్లి దిక్కు మార్చారు, బొగ్గు గనుల దగ్గర, నీటి చుక్క కూడా పైనుంచి పడని చోటికి. వంటక్క ఎండాకాలమంతా కూలి పనులకు పోయి, వానలు పడి తాళం తీశాక మళ్లీ వంటింట్లోకి వచ్చింది. రాష్ట్రం వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, "సారూ, మిఠాయి తిన్నవా?" అని అడిగింది. ఆ వానకాలం పోయి చూశాను, జలపాతం తనంతట తాను పడుతోంది. అది మంగళవారం.

పిల్లలకు ఇక్కడిదాకా చెప్పి ఆపేశాను. తప్పు చేసినా ఒప్పుకున్న మనిషిగా శాలువా కప్పించుకుని వచ్చాను. అతిథులను సంతోషపెట్టడమే మన వృత్తి అని వాళ్లకు పుస్తకాల్లో చెబుతారు. అతిథి నవ్వుకు నీళ్లు ఎవరి మడిలోంచి వస్తున్నాయో కూడా చూసుకోండని నేను చెప్పాను. బాగానే చెప్పాను. నాకు మైకిస్తే ఎప్పుడూ బాగానే చెబుతాను.

చెప్పనిది ఇది. నేను భూపాలపల్లి బయలుదేరే ముందు కోతలయ్యాయి. ఇప్పపూల వాసన అడవి నుంచి తండా దాకా వస్తోంది. అవ్వ నాకు కబురంపింది. రాదనుకున్న కబురు. మధ్యాహ్నం తండాకు పోయాను. ఇంటి ముందు నీడలో గొంగడి పరిచి, చెంబుతో నీళ్లిచ్చి, నన్ను కూర్చోబెట్టింది. జీవితమంతా ఇతరులను కూర్చోబెట్టినవాణ్ణి, కూర్చోవడం నాకు చేతకాలేదు. కాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాను. ఆమె కొత్త విస్తరి వేసింది, నీళ్లు చిలకరించింది. గంజి వాసన వేసే వేడి వేడి కొత్తబియ్యం అన్నం తెచ్చి వడ్డించింది. ఒక పక్కగా పెట్టి, అరచేతి అంచుతో దాన్ని నిటారుగా సర్దింది. విస్తరి నడుమ అన్నం గట్టులా నిలబడింది. అవతలి సగంలో ఒక్క మెతుకు లేదు.

నాకు అర్థం కాలేదు. ఆమె మనసు తేలికపడిందనుకున్నాను, క్షమించి పిలిచిందనుకున్నాను. ఆ సంతోషంలో నవ్వుతూ, "ఏంది అవ్వా, విస్తరి నిండ పెడ్తనన్నవ్ గదా?" అన్నాను.

"అన్న సారూ. నిండ పెడ్తననే అన్న." ఆమె నా ఎదురుగా కూర్చుని, ఖాళీగా ఉన్న ఆకును వేలితో చూపింది. గొంతులో కోపం లేదు, నవ్వు లేదు. "గీ సగం నా మడిల పండింది. ఆ సగం నీ వాగుల పోయింది."

చెయ్యి కలపకుండా అట్లాగే కూర్చున్నాను. ఆమె పప్పుగిన్నె దగ్గరికి జరిపింది.

"తిను సారూ," అంది. "చల్లారుతది."